సన్నోడి ఎర్రచొక్కా

ఆ రోజు పొద్దున కళ్లజోళ్ల షాపాయన వేసుకున్న ప్లానులో కంగారు పడాల్సిందేమీ లేదు. షట్టరు ఎత్తాలి, అద్దాల బీరువా తుడవాలి, వారం రోజులుగా తిరుగుతున్న రిటైర్డు జడ్జిగారి కళ్లజోడు ఎలాగైనా తయారుచేసి ఇచ్చెయ్యాలి. వీటన్నిటికంటే ముందు కంప్యూటరు తెరిచి సన్నోడికి ఎర్రచొక్కా తొడగాలి. అది రెండు నిమిషాల పని అనుకున్నాడు. రెండు నిమిషాల పని అనుకున్నది ఆయన జీవితంలో ఎన్నడైనా రెండు నిమిషాల్లో అయినట్టు దాఖలా లేదు.

సన్నోడు ఆయన కొడుకు కాడు. ఆ మాటకొస్తే మనిషే కాడు. ఆన్‌లైన్‌లో ఆడే కాలేజీ బాస్కెట్‌బాల్ గేములో ఒక ఆటగాడు. ఆ గేములో ఒక్కొక్కరు ఒక్కో కాలేజీ జట్టును నడుపుతారు. ఆటగాళ్ల పేర్లు, ఎత్తులు, ఫొటోలు అన్నీ మిషనే పుట్టిస్తుంది. ఎవర్ని చేర్చుకోవాలో, ఎవర్ని ఆడించాలో మనం చెబితే మ్యాచ్ అదే ఆడేసి, జరిగింది జరిగినట్టు వరసగా రాసి చూపిస్తుంది. రెండు నెలల సీజను అక్కడ ఒక ఏడాది కింద లెక్క. నాలుగేళ్లు నిండగానే కుర్రాడు చదువు ముగించుకుని జట్టులోంచి మాయమైపోతాడు.

ఈ పిచ్చి నిజానికి షాపాయనది కాదు, ఆయన భార్యది. ఆయన వెనక గదిలో అద్దాలు అరగదీస్తుంటే ఆవిడ ముందు బల్ల దగ్గర కూర్చుని జట్టు నడిపేది. లీగులో అందరూ ఆవిడను "మాస్టారూ" అని పిలిచేవాళ్లు. మగవాడనే అనుకున్నారు. "ఆడదాన్నని చెప్పొచ్చుగా?" అని ఆయన ఒకసారి అడిగితే, "చెబితే మర్యాద పెరుగుతుంది, ఆట తగ్గుతుంది" అని నవ్వింది.

కిందటేడు ఆవిడ పోయింది. ఆసుపత్రి మంచం మీద ఉండగా కూడా ఒక కుర్రాణ్ణి జట్టులో చేర్చుకుంది. మిషను పెట్టిన పేరు నోరు తిరగదు కాబట్టి, బక్కపలచగా ఉన్నాడని సన్నోడంది. "వీడు నిదానంగా ఎదిగే రకం. తొందరపడి ఆడించకండి" అని భర్తకు చెప్పింది. తొందర ఎప్పటిదాకా పడకూడదో చెప్పలేదు. అడుగుదామంటే ఆ తర్వాత మనిషి లేదు. అందుకని ఆయన సన్నోణ్ణి ఆట లెక్కలో మూడేళ్లపాటు ఒక్క నిమిషం కూడా ఆడించకుండా బెంచీ మీద కూర్చోబెట్టాడు.

ఈలోపు ఆవిడ ఏరి తెచ్చిన కుర్రాళ్లంతా ఒక్కొక్కరే చదువులు ముగించుకుని వెళ్లిపోయారు. మిగిలింది సన్నోడే. వాడికీ ఇది ఆఖరి ఏడాది. వాడు కూడా వెళ్లిపోతే ఆ జట్టులో ఆవిడ చెయ్యి పడ్డ మనిషి ఒక్కడూ ఉండడు. ఆ ఆలోచన వస్తేనే ఆయనకు అన్నం సహించడం లేదు.

దీనికి ఒకటే మందు, రెడ్‌షర్టు. ఆవిడ భాషలో ఎర్రచొక్కా. అది తొడిగితే కుర్రాడు ఆ ఏడాది మ్యాచులు ఆడడు, కానీ ఆ ఏడాది వాడి లెక్కలో పడదు. ఇంకో ఏడాది జట్టులో ఉంటాడు. ఊరికే బెంచీ మీద కూర్చోబెడితే మాత్రం ఏడాది ఖర్చయిపోతుంది. జట్టుకు మూడే చొక్కాలు. సీజనులో మొదటి మ్యాచ్ మొదలయ్యేలోపే తొడగాలి. ఆ మొదటి మ్యాచ్ ఆ రోజు పదింటికి.

ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, పక్కనే ఉన్న భార్య కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. ఆ పవరు ఆయనది కాదు. ఎవరైనా కస్టమరు ఇంకొకరి కళ్లజోడు పెట్టుకున్నానంటే అరగంట క్లాసు పీకే మనిషి ఆయన. కానీ ఆవిడ ఈ ఆటను ఈ కళ్లజోడులోంచే చూసింది కాబట్టి తనూ ఇందులోంచే చూడాలని ఆయనకు అనిపించేది. అక్షరాలు నీళ్లలో పడ్డట్టు కనిపించినా సర్దుకుపోయాడు.

చొక్కా తొడగబోతే మిషను ఒప్పుకోలేదు. మూడూ అయిపోయాయంది. గేములోనే ఉండే సహాయక కోచ్ ఒకడు అడక్కుండానే కొత్తగా చేరిన ముగ్గురికి తొడిగేశాడు. సరే, ఒకడి చొక్కా విప్పితే సరిపోతుందని ఆయన ఒక కొత్త కుర్రాడి పేరు పక్కన నొక్కాడు. అక్కడ రెండు బటన్లున్నాయి. ఒకటి చొక్కా విప్పేది, ఇంకోటి కుర్రాణ్ణి జట్టులోంచే పంపేసేది. ఆ కళ్లజోడుకు రెండూ ఒక్కలాగే కనిపించాయి. నిజంగానేనా అని మిషను అడిగితే, అంత మర్యాదగా అడిగింది కదా అని అవునని నొక్కాడు. లీగులోకెల్లా మెరికలాంటి కుర్రాడు ఆ దెబ్బతో రోడ్డున పడ్డాడు. పోనీ చొక్కా అయినా దక్కిందా అంటే అదీ లేదు. ఒకసారి తొడిగాక విప్పినా, మనిషి పోయినా ఆ చొక్కా లెక్కలోనే ఉంటుందట.

పక్క వీధి పళ్ల డాక్టరు దగ్గర రిసెప్షనులో పనిచేసే కూతురికి ఫోను చేశాడు. ఆ అమ్మాయికి గేము సంగతి తెలియదు. తెలిసినవాళ్లనెవర్నైనా అడగమని, డాక్టరు వచ్చేలోపు తానే వస్తానని చెప్పింది. తెలిసినవాళ్లంటే లీగువాళ్లే. ఆయన ఇన్నాళ్లూ భార్య పేరుతోనే ఆడుతున్నాడు. ఆవిడ పోయిన సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలని రెండు మూడుసార్లు మొదలుపెట్టి చెరిపేశాడు. వాళ్లంతా "మాస్టారూ" అని పలకరిస్తుంటే ఆవిడ లోపలి గదిలో ఉన్నట్టే ఉండేది.

లీగు పేజీలో నాలుగో చొక్కా ఇప్పించమని రాశాడు. నియమాల పెద్ద ఒకాయన ఉన్నాడు. వృత్తికి కూడా ప్లీడరే. ఆయన వెంటనే జవాబిచ్చాడు. మూడంటే మూడేనని, కావాలంటే కమిటీ సాయంత్రం కూర్చుంటుంది కాబట్టి అప్పీలు పెట్టుకోవచ్చని, ఈలోపు మొదటి మ్యాచ్ అయిపోతే అప్పీలు చెల్లదని రాశాడు. ఆ రోజు మ్యాచ్ ప్లీడరు జట్టుతోనే.

అయితే మ్యాచ్ ఆపాలి. ఆడగలిగేవాళ్లు అయిదుగురికంటే తగ్గితే మ్యాచ్ మర్నాటికి వాయిదా పడుతుందన్న నియమం షాపాయనకు గుర్తొచ్చింది. ఎర్రచొక్కాల వాళ్లు పోను ఆయన దగ్గర పన్నెండుమంది ఉన్నారు. ఎనిమిదిమందికి విశ్రాంతి ఇస్తే నలుగురే మిగులుతారు. పేరు మీద నొక్కితే టిక్కు పడుతుంది. మొట్టమొదట, ప్రాణం ఆగక, సన్నోడి పేరు మీద నొక్కాడు. తర్వాత పద్ధతిగా పైనుంచి ఒక్కొక్కరినీ నొక్కుకుంటూ ఎనిమిది లెక్కపెట్టాడు. ఆ ఎనిమిదిలో సన్నోడు మళ్లీ వచ్చాడు. రెండోసారి నొక్కితే టిక్కు పోతుంది. పోయిన టిక్కు ఆ కళ్లజోడుకు కనపడలేదు.

అవతల ప్లీడరు గుండె ఝల్లుమంది. మాస్టారు మొదటి రోజే మెరికలాంటివాణ్ణి గెంటేసి, మంచివాళ్లందరికీ విశ్రాంతి ఇచ్చేశాడు! మూడు సీజన్లుగా మాస్టారు ఓడిపోతుంటే, ఇదేదో పెద్ద ఎత్తుగడ అని లీగంతా భయపడుతూనే ఉంది. ఇవాళ అది బయటపడుతోందని ప్లీడరుకు తోచింది. ఉచ్చులో పడకూడదని ఆయన కూడా తన అయిదుగురు మొనగాళ్లనూ బెంచీ మీద కూర్చోబెట్టేశాడు.

సరిగ్గా అప్పుడే జడ్జిగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వెనకే కూతురు వచ్చింది. తండ్రి ముక్కు మీద తల్లి కళ్లజోడు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. దగ్గరకొచ్చి దాన్ని మెల్లగా తీసి చేతిలో పట్టుకుంది. అది లేకపోయినా ఆయనకు స్క్రీను కనిపించదు. తన కళ్లజోడు విరిగి ఎన్నాళ్లయిందో ఆయనకే గుర్తులేదు.

"మ్యాచ్ వాయిదా పడిందో లేదో చూడమ్మా" అన్నాడు.

"మొదలైంది నాన్నా. అయిదుగురున్నారు."

"సన్నోడు కాదు కదా?"

కూతురు పేర్లు చదివింది. అయిదో పేరు నోరు తిరగనిది.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. మూడేళ్లు ఈగ వాలకుండా కాపాడిన కుర్రాణ్ణి తన చేత్తోనే కోర్టులోకి తోశాడు. ఒక్క నిమిషం ఆడినా ఇక చొక్కా లేదు, ఏడాది మిగలదు, వాడు మిగలడు. ఆపే బటను ఎక్కడుందో వెతకమని కూతుర్ని బతిమాలాడు. అలాంటి బటను లేదు. ఆ అమ్మాయి చేయగలిగింది ఒక్కటే, స్క్రీను మీద పడుతున్న లైన్లు చదివి వినిపించడం.

సన్నోడు బంతి వేశాడు, పడలేదు. మళ్లీ వేశాడు, బుట్ట దరిదాపులకు కూడా పోలేదు. జడ్జిగారికి కూడా కళ్లజోడు లేదు కాబట్టి ఆయనా చెవులు రిక్కించి వింటున్నారు.

"ఎవరబ్బాయండీ?" అని అడిగారు.

"మా ఆవిడ తెచ్చిన కుర్రాడండీ. ఇన్నాళ్లూ ఆడలేదు."

"అయితే కాసేపు కూర్చుంటాను" అన్నారు జడ్జిగారు.

మూడోసారి బంతి పడింది. నాలుగోసారీ పడింది. ఆ తర్వాత కూతురు చదవడానికి ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. సన్నోడు లాక్కున్నాడు, సన్నోడు వేశాడు, సన్నోడు అడ్డుకున్నాడు. మిషను పెట్టిన ఆ వంకర పేరును ఆ అమ్మాయి రెండుసార్లు తప్పు పలికి, మూడోసారి నుంచి తనూ సన్నోడనే చదివింది. షాపాయన ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు. చివరికి జట్టు గెలిచింది, ఆవిడ పోయాక మొదటిసారి. పాయింట్లలో సగం సన్నోడివే.

జడ్జిగారు చప్పట్లు కొట్టారు. షాపాయన ఏడ్చాడు. ఆసుపత్రిలో ఏడవలేదు, ఇంటికొచ్చాక ఏడవలేదు. ఇప్పుడు, పద్దెనిమిది రకాల ఫ్రేముల మధ్య నిలబడి, కూతురి భుజం పట్టుకుని ఏడ్చాడు.

లీగు పేజీలో ప్లీడరు రాశాడు. ఇలాంటివాణ్ణి మూడేళ్లు దాచిపెట్టడం మీకే చెల్లింది మాస్టారూ, దండం పెడుతున్నాను అని. ఇక దాచడం షాపాయన వల్ల కాలేదు. చెబుతుంటే కూతురు టైపు చేసింది. మాస్టారు తన భార్య అని, ఆవిడ లేదని, ఎత్తుగడ ఏమీ లేదని, ఆడించకండి అంటే ఆడించలేదని, ఈ కుర్రాడు ఆవిడ ఏరిన ఆఖరివాడని, అందుకే చొక్కా అడిగానని.

 లీగువాళ్లు ఒకరి వెనక ఒకరు ఆవిడను తలుచుకుంటూ రాశారు. చివరగా ప్లీడరు రాశాడు. సాయంత్రం దాకా ఎందుకని కమిటీ ఇప్పుడే కూర్చుందట. ఇవాళ్టి మ్యాచ్ కొట్టేస్తే సన్నోడు ఆడనట్టే లెక్క కాబట్టి, మ్యాచ్ కొట్టేసి, నియమం పక్కనపెట్టి, నాలుగో చొక్కా ఇచ్చేద్దామని అందరూ ఒప్పుకున్నారట. సరే అంటే చాలట.

పొద్దుటి నుంచి ఆయన కోరుకున్నది అదే. కూతురు వేలు బటను మీదే ఉంచి తండ్రి ముఖంలోకి చూసింది.

"కొట్టేస్తే వాడు వేసినవన్నీ పోతాయా?"

"పోతాయి నాన్నా. అసలు ఆడనట్టే ఉంటుంది."

"వద్దమ్మా. మీ అమ్మ చెప్పింది నిజమైన రోజు ఇది. దీన్ని చెరిపేసి వాణ్ణి ఇంకో ఏడాది దాచుకుని ఏం చేసుకుంటాను? ఆడనీ. ఆడి వెళ్లనీ."

ఆ మధ్యాహ్నం ఆయన భార్య ఫ్రేములోంచి పాత అద్దాలు తీసి, గుడ్డలో చుట్టి సొరుగులో పెట్టాడు. తన పవరుకు కొత్తవి అరగదీసి అదే ఫ్రేములో బిగించాడు. జడ్జిగారి కళ్లజోడు మర్నాటికి వాయిదా పడింది. ఆయన ఏమీ అనలేదు సరికదా, మర్నాడు మ్యాచ్ టైముకే వచ్చారు.

సన్నోడు ఆ సీజనంతా ఆడాడు. సీజను ముగిసిన పొద్దున వాడి పేరున్న చోట ఖాళీ గడి కనిపించింది. షాపాయన దానికేసి చాలాసేపు చూశాడు. ఇప్పుడు అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి, అదే కష్టంగా ఉంది. తర్వాత కొత్త కుర్రాళ్ల పేజీ తెరిచి, మొదటిసారి తన ఇష్టప్రకారం, నవ్వుముఖం బాగుందని ఒక పొట్టివాణ్ణి చేర్చుకున్నాడు. తొందరపడొద్దనేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మొదటి మ్యాచ్‌లోనే ఆడించాడు. జట్టు నలభై పాయింట్ల తేడాతో ఓడిపోయింది.

ప్లీడరు ఒక్క ముక్క రాశాడు: "ఈ కుర్రాణ్ణి మాస్టారు ఏరలేదని తెలుస్తూనే ఉందండీ."