ఒక్క పేజీలో తప్పిపోయిన కుక్క

పిల్లల వీపుల గురించి ఇంతగా తల్లడిల్లిన విద్యామంత్రి ఇంతకుముందు లేరు, ఇకముందు రారు. మా హైస్కూలు వేదిక మీదే ఆయన తొమ్మిదో తరగతి పిల్ల సంచి తూకం వేయించి, ముల్లు చూసి, జేబురుమాలుతో కళ్లొత్తుకున్నారు.

"అమ్మో, ఇంత బరువా! ఇందులో ఏముందమ్మా?"

"ఇంగ్లీషు కథల పుస్తకం కూడా ఉందండీ."

"ఒక్కో కథ ఎన్ని పేజీలు?"

"ఐదారండీ."

"అన్నెందుకు? ఇక నుంచి ప్రతి కథా ఒక్క పేజీయే! కథలేమిటి, మా శాఖలో ఏ కాగితమైనా ఒక్క పేజీయే. రెండో పేజీ కనబడితే ఉద్యోగం ఊడుతుంది. రూలంటే అందరికీ రూలే!"

చప్పట్లు మోగిపోయాయి. నేనూ కొట్టాను. నేను ఆ స్కూలు లైబ్రేరియన్ని. లైబ్రరీ అంటే స్టాఫ్‌రూంలో ఒక బీరువా, దాని తాళంచెవి, నేను. కొట్టకపోతే ఏం బాగుంటుంది?

మంత్రిగారి మాటంటే మాటే. వారంలో కొత్త పుస్తకాలు దిగాయి. కథల్ని కుదించి రాసే తీరిక ఎవరికీ లేదు గనక, ప్రతి కథకూ మొదటి పేజీ ఉంచి తక్కినవి పీకేశారు. ఎంత సులువుగా తేలిపోయింది! మూడో పాఠంలో ఓ ముసలాయన కుక్క కనబడకుండా పోతుంది. పాపం, జోరువానలో వీధి వీధీ వెతుకుతాడు. పోలీస్‌స్టేషన్‌కి వెళ్తే, ఫోటో ఉందా అంటారు. చివరికి కాళ్లీడ్చుకుంటూ ఇంటికొచ్చి తలుపు తోస్తాడు. అంతే, పేజీ అయిపోయింది. కింద ఒకే ప్రశ్న: ఈ కథ వలన నీవు నేర్చుకున్న నీతి ఏమి? జవాబు గైడులో ఉంది. క్రమశిక్షణ.

సంస్కరణ ఎలా నడుస్తోందో చూడ్డానికి మంత్రిగారు మా స్కూలు తొమ్మిదో తరగతికే వేంచేశారు. సంచి తూయించుకున్న పిల్లే లేచి నిలబడింది.

"సార్, కుక్క దొరికిందా, లేదా?"

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ ఫ్యాను వైపు చూశాడు.

"దొరికిందమ్మా! మా ప్రభుత్వంలో దొరక్కుండా ఎక్కడికి పోతుంది?"

మర్నాడే ప్రతిపక్ష నాయకుడు ప్రెస్‌మీట్ పెట్టాడు. "దొరకలేదు. మనుషులకే దిక్కులేని రోజుల్లో కుక్కెలా దొరుకుతుంది?" అని నిలదీశాడు. మూడు రోజులు శాసనసభ సాగలేదు. ఒక సభ్యుడు మెడలో కుక్క గొలుసు వేసుకొచ్చి స్పీకరు ముందు కూర్చున్నాడు. ప్రజాస్వామ్యం ఇంత చురుగ్గా ఉండటం నేనెన్నడూ చూడలేదు.

అధికారులు మా ఇంగ్లీషు టీచరమ్మ మీద పడ్డారు.

"మీరు పిల్లలకు ఏం చెబుతున్నారు? దొరికిందనా, దొరకలేదనా?"

"రెండూ కాదండీ. పాత పుస్తకం చూడండి, మీకే తెలుస్తుంది."

రెండూ కాదట! అధికారపక్షానికీ అవమానమే, ప్రతిపక్షానికీ అవమానమే. ఏనాడూ కలవని రెండు పార్టీలు ఆ సాయంత్రం ఒక్క గొంతుతో అన్నాయి, ఆవిడ ఉద్యోగం తీసేయాల్సిందేనని. ఆ ఇంట్లో సంపాదించేది ఆవిడొక్కర్తే. నాకు ప్రాణం చివుక్కుమంది. అయితే మనది న్యాయం గల ప్రభుత్వం. ముందు కుక్క సంగతి తేలాలి గదా? రిటైరైన జడ్జిగారితో కమిషన్ వేశారు.

కమిషన్ మా స్టాఫ్‌రూంలోనే కొలువుదీరింది. పశువుల డాక్టర్ని పిలిచారు. కుక్కల్ని పట్టేవాళ్లని పిలిచారు. తలుపులు చేసే వడ్రంగి వాంగ్మూలం రెండు రోజులు సాగింది. జడ్జిగారు మూడు నెలలూ తమ కోటు నా బీరువా పిడికే తగిలించుకున్నారు. నేను ఉండబట్టలేక వెళ్లి నిలబడ్డాను.

"అయ్యా, ఆ కథ పూర్తిగా ఈ బీరువాలోనే ఉందండీ. ఐదు పేజీలు."

"ఐదా?" జడ్జిగారు ఉలిక్కిపడ్డారు. "ఇంకెవరితోనూ అనకు. కేసవుతుంది."

తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుందని టీచరమ్మ నవ్వింది. ఆ మాట నేను కమిషన్‌కు చేరవేయలేదు. ఉన్న కష్టాలు చాలవూ ఆవిడకి?

మూడొందల పన్నెండు పేజీల నివేదిక తయారైంది. రూలు ప్రకారం ఒక్క పేజీయే విడుదలైంది. దాని ఆఖరి వాక్యం: "కాబట్టి కుక్క విషయంలో ఈ కమిషన్ తేల్చినదేమనగా". తమ వాదనే నెగ్గిందని రెండు పార్టీలూ మిఠాయిలు పంచాయి.

ఇక మిగిలింది టీచరమ్మ. ఉత్తర్వు వచ్చిన రోజు ఆవిడ టిఫిన్ డబ్బా, కళ్లజోడు, ఎర్ర సిరా పెన్నూ సంచిలో సర్దేసుకుని కూర్చుంది. హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని చదివారు. విషయం. సూచికలు ఒకటి నుంచి పంతొమ్మిది దాకా. చివర్న, "పై కారణముల దృష్ట్యా సదరు ఇంగ్లీషు టీచరును తక్షణమే".

కాగితం తిప్పారు. వెనక తెల్లగా ఉంది. ఉత్తర్వు పంపిన ఆఫీసుకు ఫోన్ చేశారు.

"సార్, తక్షణమే ఏం చేయమంటారు?"

"రెండో పేజీలో ఉందండీ."

"అది పంపుతారా?"

"నా కొంప ముంచుతారా ఏమిటండీ!" ఫోన్ పెట్టేశాడు అవతలాయన.

హెడ్మాస్టరుగారు కాగితం వైపు చూశారు, టీచరమ్మ వైపు చూశారు. ఇంతలో మూడో పీరియడ్ బెల్లు మోగింది.

"అమ్మా, మీరు తక్షణమే క్లాసుకు వెళ్లండి."

ఆవిడ లేచి నా ముందు చెయ్యి చాపింది. ఇన్నాళ్లకు తాళంచెవి అడిగిన మనిషి ఆవిడే. సంతోషం పట్టలేక నేనూ వెనకాలే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

తక్కిన నాలుగు పేజీలూ టీచరమ్మ చదివింది. ముసలాయన తలుపు తోసి, తడి చొక్కా విప్పి, ఏడుపు దిగమింగుకుంటూ చెప్పుల కోసం మంచం కిందికి వంగుతాడు. కుక్క అక్కడే ఉంది. ఆయన చెప్పు మీద గడ్డం ఆనించి గుర్రు పెడుతోంది. అసలది ఇల్లు కదిల్తేగా!

క్లాసు గొల్లుమంది. సంచి పిల్ల మాత్రం చెయ్యెత్తింది.

"టీచర్, మరి పరీక్షలో ఏం రాయాలి?"

టీచరమ్మ పుస్తకం మూసింది.

"క్రమశిక్షణ."