జాగ్రత్త అనే ఫోల్డరు

గ్రంథాలయంలో కంప్యూటరు చూసే పెద్దమనిషిని అందరూ జాగ్రత్తయ్య అంటారు. కొత్త గొడుగు కొన్నా, బాత్రూంలో షవరు కింద నిలబడి పరీక్షించాకే దాన్ని వీధి మొహం చూడనిచ్చే రకం. అలాంటి మనిషి ఆ ఉదయం కంప్యూటరును నడిపే లినక్సును కొత్త వెర్షనుకు మార్చేద్దామని కూర్చున్నాడు.

పద్ధతి చక్కనిదే. ముందు సిస్టమంతటికీ ఒక నకలు తీసి, మార్పు దాని మీద చేసి చూడాలి. చస్తే నకలు చస్తుంది. బతికి బట్టకడితే, అప్పుడు అసలుదాని జోలికి వెళ్ళాలి.

గ్రంథాలయాధికారిణి స్వయానా ఆయనకు వదిన, భార్యకు అక్క.

"చూడు మరిదీ, నాలుగింటికి పుస్తకాలివ్వడం మొదలుకాకపోతే నిన్ను బైండింగు గదిలో వేస్తాను. జిగురు కూడా నువ్వే కాచుకోవాలి" అంది. జిగురు వాసన తగిలితే జాగ్రత్తయ్యకు పూట పూటంతా తుమ్ములే.

తీరా చూస్తే నకలుకు ఇరవై జీబీ కావాలి. డిస్కులో ఖాళీ పన్నెండే ఉంది.

"అంతా మీ వార్షికోత్సవం ఫొటోలే వదినా."

"అయితే తీసెయ్."

తీసేశాడు. కాకపోతే తీసేముందు, ఎందుకైనా మంచిదని, అదే డిస్కులో ఇంకోచోట ఒక కాపీ దాచాడు. ఆ కాపీ పాడైతే ఎలాగని రెండోది కూడా దాచాడు. పన్నెండు కాస్తా ఎనిమిదైంది. తప్పు ఈసారి బైండరు అదే డిస్కులో దాచుకున్న పాటల మీదికి పోయింది. వాటినీ అంతే జాగ్రత్తగా తీసేశాడు. మధ్యాహ్నం మూడయ్యేసరికి డిస్కులో ఆవగింజకు కూడా చోటు లేదు. కేటలాగు నోరు తెరవనంది. వరండాలో అప్పుడే వరస మొదలైంది.

"ఏమయ్యా, కంప్యూటరుకి అజీర్ణమా?" అన్నాడు వరసలో ముందున్న రిటైర్డు మాస్టారు.

వదిన కళ్ళజోడు పెట్టుకుని తెర ముందుకు వంగింది. "ఇంత చోటు తింటున్న ఈ 'జాగ్రత్త' ఎవరిది?"

దాని లోపల 'మరీ జాగ్రత్త', దాని లోపల 'తుది జాగ్రత్త'. ఆరేళ్ళ కాపీలకు కాపీలు.

"తీసెయ్."

"ఒక్క కాపీ ఉంచుకుని..."

"మరిదీ."

తీసేశాడు. డిస్కు వేసవి సెలవుల్లో బడిలా ఖాళీ అయింది. గబగబా నకలు తీశాడు. పేరూ, తెర రంగూ కూడా మార్చలేదు. అచ్చం అసలులాగే ఉండాలి మరి. తెర మీద పక్కపక్కనే కవలల్లా ఉన్న రెండు కిటికీల్లో ఒకదాన్ని ఎంచుకుని, మార్పు మొదలుపెట్టాడు. నాలుగుకు ఐదు నిమిషాలుందనగా పని నిక్షేపంగా పూర్తయింది.

"పరీక్ష నెగ్గింది వదినా. ఇక అసలుదాని మీద చేస్తాను."

"ఇంకా ఏం చేస్తావు? కౌంటర్లో కొత్త తెర వచ్చేసింది, మాస్టారు పుస్తకం కూడా పట్టుకెళ్ళారు. ఇన్నేళ్ళకి పరీక్షలూ గిరీక్షలూ లేకుండా ఒక పని చేశావు. ఇలాగే మిగతా శాఖలవి కూడా నువ్వే చెయ్యి."

జాగ్రత్తయ్య నకలు వైపు చూశాడు. అది పాత వెర్షనులో చెక్కుచెదరకుండా కూర్చుని ఉంది. ఆయన మార్చింది అసలుదాన్నే. అయినా పద్ధతి పద్ధతే. అందరూ వెళ్ళాక దాని మీద మార్పు చేసి చూశాడు. సగంలో అది ప్రాణం వదిలింది.

ఈ మార్పు ప్రమాదకరం, చేయరాదు అని రిజిస్టరులో రాసి, సంతకం పెట్టి ఇంటికి వెళ్ళాడు.