తోక పడని సింహం

ఒక పెద్ద అడవిలో చాలా జంతువుల దగ్గర తలో అద్దపుటాకు ఉండేది. దాన్ని దేనికేసి పట్టుకుంటే అది అందులో పడుతుంది, కదులుతుంది, మాట్లాడుతుంది, ఆనక అడవిలో అందరి ఆకుల్లోనూ కనబడుతుంది. అదెలాగని నన్నడక్కండి. మీ జేబులో ఉన్నది ఎలా పనిచేస్తుందో మీకు తెలుసా ఏం?

ఆ ఆకుల్లో ఏముండేవంటారా? లేనిదేముంది చెప్పండి! నాట్యం చేస్తూ చేస్తూ తుమ్మిన నెమలి. తేనెపట్టులో మూతి ఇరుక్కుని తిట్లు లంకించుకున్న ఎలుగుబంటి. దాని వెనకే వరదలో కొట్టుకుపోతున్న అడవిపంది. దాని వెనక మళ్ళీ తాబేలు మీద గుర్రుపెట్టి నిద్రపోతున్న కుందేలు. నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోపే ఇంకోటి వచ్చేసేది.

ఆకులు రాకముందు నుంచీ ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. సాయంత్రం పూట సింహం రుద్రభూపతి వేటకి లేచాడంటే, చెట్టు మీద కాపలా ఉన్న కొండముచ్చు కొమ్మన్న ‘ఖక్ ఖక్’మని కేకపెట్టాలి. కింద జింకలు కాలితో నేల తన్ని, తోకలెత్తి పరుగు లంకించుకోవాలి. అడవిలో సగం ప్రాణాలు ఆ కేక మీదే నిలబడ్డాయి.

జింక చుక్కమ్మకి మాత్రం ఆ కేక ఒక్కటీ సరిపోయేది కాదు. దాని కూతురు బుల్లికి ముందుకాలు వంకర. అందరూ పరుగెడితే అది కుంటుతుంది. రుద్రభూపతి కన్ను ఎన్నాళ్ళ నుంచో ఆ పిల్ల మీదే ఉంది.

“అయ్యా, మీకు దణ్ణం పెడతాను. నా పిల్లని కాపాడండి” అని చుక్కమ్మ అడవి పంచాయతీ ముందు కన్నీళ్ళు పెట్టుకుంది.

పంచాయతీ పెద్ద, ఏనుగు దంతయ్యగారు, చెవులు ఆడించారు. “తప్పకుండా ఆలోచిద్దాం” అన్నారు. ఎవరేం అడిగినా ఆయన అదే అనేవారు. ఆలోచించిన దాఖలా మాత్రం ఇంతవరకూ లేదు.

పక్కనే ఉన్న కార్యదర్శి, నక్క సిద్ధప్ప, గొంతు సవరించుకున్నాడు. “ఇందులో ఆలోచించడానికేముందండీ! సింహానికి కూడా ఓ అద్దపుటాకు ఇద్దాం. పొద్దుగూకే వేళకి చోద్యాలు పంపిద్దాం. చూస్తూ కూర్చుంటే వేటకి లేచేదెవరు?”

సరిగ్గా అలాగే జరిగింది. రుద్రభూపతి నెమలి తుమ్ము చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. “ఈ ఒక్కటీ చూసి లేస్తా” అన్నాడు. ఆ తర్వాత ఎలుగుబంటి వచ్చింది. “ఇదైపోగానే లేస్తా” అన్నాడు. అలా అంటూ అంటూ ఉండగానే చీకటి పడిపోయింది. పొద్దున్నే, కాకులు కూడా చూడకుండా, ఎవరో వదిలేసిన ఎముకలు కొరుక్కున్నాడు.

అడవంతా పండగే పండగ. చుక్కమ్మ సిద్ధప్ప కాళ్ళకి మొక్కింది. కాపలా పని లేకపోయేసరికి కొమ్మన్న కూడా ఓ ఆకు పుచ్చుకుని చోద్యాలు తీయడం మొదలెట్టాడు.

కానీ తుమ్ములూ గుర్రులూ ఎంతకాలమని చూస్తాడండీ, ఎంతైనా సింహం కదా! ఒక సాయంత్రం రుద్రభూపతి కబురంపాడు. “ఈ వెకిలి వేషాలు చాలు. గుండె జల్లుమనేది చూపించండి. లేదంటే వేటకి లేస్తా.”

ఇంకేముంది, సిద్ధప్ప హడావిడి చూడాలి. దున్నపోతుని కొండ అంచు దాకా నడిపించాడు. కుందేలు చేత పాముపుట్టలో తలపెట్టించాడు. ప్రతిదానికీ ముందు ‘గుండె ధైర్యం ఉన్నవాళ్ళే చూడండి’ అని రాయించేవాడు. చిత్రమేమిటంటే, ఆ ధైర్యం లేనివాడు అడవిలో ఒక్కడూ కనబడలేదు. కొమ్మన్నయితే కావాలనే కొమ్మ వదిలేసి కిందపడ్డాడు. చెయ్యి విరిగింది. అయినా “ఎంతమంది చూశారో తెలుసా!” అని కట్టు చూపించుకుంటూ తిరిగాడు వెర్రినాగన్న.

రుద్రభూపతికి అదీ మొహం మొత్తింది. “సింహం జింకని తరుముతుంటే చూడాలనుంది” అని మళ్ళీ కబురొచ్చింది.

పంచాయతీ కూర్చుంది.

“సింహం వేషం ఎవరు కడతారయ్యా?” అన్నారు దంతయ్యగారు.

“సింహమే కడతాడండీ. ఉత్తుత్తి తరమడమే. మాటిచ్చాడు” అన్నాడు సిద్ధప్ప.

“మరి జింక?”

జింకలన్నీ నేల చూపులు చూశాయి. సిద్ధప్ప గడ్డం గోక్కున్నాడు. “కుంటి జింకయితే చూసేవాళ్ళకి జాలి పుడుతుంది. మన బుల్లి ఉందిగా!”

చుక్కమ్మ ఒక్క గెంతు గెంతింది. “నీ నోట్లో మన్నుపడ! నా పిల్లని కాపాడమనే కదరా ఇదంతా మొదలెట్టింది!”

“అవునమ్మా, అందుకే మొదటి అవకాశం మీ పిల్లకే ఇస్తున్నాం” అన్నాడు సిద్ధప్ప, ఎంతో ఆప్యాయంగా. సభంతా చప్పట్లు కొట్టింది. తల్లీపిల్లా పారిపోకుండా తోడేళ్ళని కాపలా పెట్టారు.

చుక్కమ్మ కొమ్మన్న చెట్టు కింద నిలబడింది. “అన్నా, సింహం మాట తప్పి నిజంగానే పిల్ల మీదికి వస్తే ఒక్క కేక పెట్టన్నా.”

“భలేదానివే చెల్లీ! కేక పెడితే శబ్దం పాడైపోదూ? ఎవరూ నోరెత్తొద్దని సిద్ధప్ప గట్టిగా చెప్పాడు.”

“కేక పెట్టడమే కదన్నా నీ పని!”

“అదెప్పటి మాటలే. ఇప్పుడు నేను చెట్టు మీంచి తీస్తున్నా” అన్నాడు కొమ్మన్న, ఆకు తుడుచుకుంటూ. చుక్కమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది.

ఆ సాయంత్రం మైదానం చుట్టూ జంతువులన్నీ ఆకులెత్తి నిలబడ్డాయి. నడిమధ్య బుల్లిని నిలబెట్టారు. అందరికంటే ముందు సిద్ధప్ప, ఒక కన్ను మూసుకుని, ఆకు నిలువుగా పట్టుకుని ఉన్నాడు. రుద్రభూపతి రానే వచ్చాడు. ఎవరికీ భయం వెయ్యలేదు. వేస్తుందెలా? ఆకులో సింహం ఉసిరికాయంతే ఉందిగా!

ఆకు లేనిది ఒక్క చుక్కమ్మ దగ్గరే. అందుకని సింహం సింహమంత కనబడింది దానికి. పస్తులతో డొక్కలు పీక్కుపోయి ఉన్నాయి. బుల్లిని చూడగానే వాడి కళ్ళు మారిపోయాయి. అది నటన కాదని చుక్కమ్మకి అర్థమైపోయింది.

కాలితో నేల ధనధనా తన్ని, తోకెత్తి, గొంతు చించుకుని అరిచింది. “పారిపోవే బుల్లీ! పారిపో తల్లీ!”

“అబ్బా, శబ్దమంతా పాడుచేసింది” అని పైనుంచి కొమ్మన్న విసుక్కున్నాడు.

బుల్లి కుంటుకుంటూ పరుగెత్తింది. రుద్రభూపతి దూకాడు. కానీ రోజుల తరబడి కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది కదా, ఆ దూకుడు సగంలోనే ఆగింది. కుంటిపిల్ల ముళ్ళపొదలోంచి దూరి అవతల పడింది. సింహం రొప్పుతూ ఇటు తిరిగాడు. అందరికంటే దగ్గరగా, కదలకుండా, సిద్ధప్ప ఉన్నాడు.

“అద్భుతం ప్రభూ! ఇంకొంచెం ముందుకి... ఆఁ, అలాగే” అన్నాడు సిద్ధప్ప. ఆకులో ఉసిరికాయ మామిడికాయైంది. మామిడికాయ గుమ్మడికాయైంది. “ఆహా, ఎంత బాగా పడుతోందో!” అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒక్కడు ఆకు దించితే ఒట్టు.

తెల్లారేసరికి సిద్ధప్ప తీసింది అందరి ఆకుల్లోనూ ఉంది. పంచాయతీ సంతాపసభ పెట్టింది. “సిద్ధప్ప లేని లోటు తీరనిది” అని దంతయ్యగారు తొండంతో కళ్ళొత్తుకున్నారు. ఆనక గొంతు తగ్గించి, “పక్కనుంచి ఎవరైనా తీశారా?” అని అడిగారు.

సభ జరుగుతుండగానే చుక్కమ్మ పిల్లని వెంటబెట్టుకుని వాగు దాటి వెళ్ళిపోయింది. కాపలా తోడేళ్ళ ముందు నుంచే వెళ్ళింది. అది ఏ ఆకులోనూ రాలేదు కాబట్టి వాటికి కనబడలేదు.

రుద్రభూపతి కూడా తన పరుగు తనే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాడట. చూసి చూసి కబురంపాడు. “బాగానే ఉంది గానీ, నక్క ఆకు నిలువుగా పట్టుకోవడం వల్ల నా తోక పడలేదు. మళ్ళీ తీయండి.”

“తప్పకుండా ఆలోచిద్దాం” అన్నారు దంతయ్యగారు. ఈసారి నిజంగానే ఆలోచించి, చెట్టు మీదున్న కొమ్మన్న కేసి చూశారు. చెయ్యి విరిగినవాడైతే చూసేవాళ్ళకి జాలి పుడుతుంది కదా!

నీతి: సింహం మీదికి వస్తున్నప్పుడు ఆకు అడ్డంగా పట్టుకోండి, తోకతో సహా పడుతుంది.