నీలం ఆయనది, ఆకుపచ్చ ఆవిడది

ఉపాయం గారికి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది కానీ, అది జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. కొనుగోళ్ల విభాగంలో అందరికీ ఆయన ఉపాయం గారే. పని చేయడానికి పట్టే శ్రమకి రెండింతలు, దాన్ని తప్పించుకోవడానికి పడతారు. అందుకని ఆయన్ని సోమరి అనడానికి ఎవరికీ నోరు రాదు.

ఇంటి పనుల మీద భార్యతో రోజూ తగవులెందుకని ఆయనే తన ఆఫీసు మెయిల్లోని క్యాలెండరును ఇంటికి తెచ్చారు. పనులన్నీ అందులో ఎక్కించి, వర్గం ఒకటి, వర్గం రెండు అని పేర్లు పెట్టి, ఒకటికి నీలం, రెండుకి ఆకుపచ్చ రంగు తగిలించారు. నీలం ఆయనది, ఆకుపచ్చ ఆవిడది. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పని చేస్తుంది. ఫోను తెరిచి రంగు చూసుకుని ఎవరి పని వాళ్లు చేసుకుపోవడమే. రంగు మాటే ఆఖరి మాట అని శాసనం చేసింది కూడా ఆయనే. ఒకసారి కళ్లెదుటే పాలు పొంగిపోతుంటే కుర్చీలోంచి కదల్లేదు. వంటిల్లు ఆకుపచ్చ కదా, నేనెలా ముట్టుకుంటానన్నారు.

నీలంలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ‘స్టాకు తనిఖీ’ అని ఒకటుండేది. గోదాములో అని ఆవిడకు చెప్పారు. జరిగేది మాత్రం ఎదురింటి టైలరు మేడ మీద, క్యారమ్ బోర్డు చుట్టూ.

కాపురం ఇలా సాగుతుండగా ఆఫీసువాళ్లు మెయిలు మొత్తాన్నీ కొత్త సర్వరుకు మార్చారు. పనులు వచ్చాయి, వర్గాల పేర్లూ వచ్చాయి. రంగులే దారిలో ఎక్కడో జారిపోయాయి. సోమవారం పొద్దున చూస్తే క్యాలెండరు ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా ఉంది. పాత పేరుతోనే వర్గాన్ని మళ్లీ చేర్చి రంగు ఎంచుకోండి, ఆ పేరున్న పనులన్నీ ఒక్కసారిగా ఆ రంగులోకి వస్తాయి అని కంప్యూటరు విభాగం కబురు పెట్టింది.

ఆ కబురు చదవగానే ఉపాయం గారి బుర్రలో పురుగు తొలిచింది. వచ్చే ఆదివారం క్యారమ్ పోటీ ఫైనలు. ఏళ్ల తరబడి టైలరు చేతిలో ఓడి పోగొట్టుకుంటున్న పరువు ఆ రోజు దక్కాలి. సరిగ్గా ఆ మధ్యాహ్నానికే ఆవిడ నీలంలో ‘అటక శుభ్రం’ అని పెట్టి, ఒక్కరోజు గోదాము ఆగుతుందిలెండి అని తేల్చేసింది. ఇప్పుడు వర్గం ఒకటికి ఆకుపచ్చ, వర్గం రెండుకి నీలం వేస్తే? అటక ఆవిడకు పోతుంది. చెత్తబుట్ట, నీళ్లట్యాంకు కూడా పోతాయి. ఆవిడ పనులు తనకొస్తాయి నిజమే, కానీ ఆవిడకేం పనులు? ఇంత వంట, నాలుగు బట్టలు.

సాయంత్రం, రంగులు తాను సరిచేస్తానని, ఆవిడను శ్రమపడొద్దని చెప్పారు. తువ్వాలు కూడా ఆరేయని మనిషి శ్రమ అన్న మాట ఎత్తేసరికి ఆవిడ కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. ఆయన పని కాగానే ఫోను తీసి చూసింది.

“అటక ఆకుపచ్చలో ఉందేమిటి? అది మీది కదూ?”

“వర్గం ఒకటి మొదట్నుంచీ ఆకుపచ్చే. నీకు గుర్తులేదు.”

“మీకు బాగా గుర్తుందా?”

“పెట్టినవాణ్ని నేను కాదూ?”

“అయితే ఇదే ఖాయం. మళ్లీ మాట మార్చరుగా?”

“రంగు మాటే ఆఖరి మాట,” అన్నారాయన.

ఆవిడ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూసైనా జాగ్రత్తపడాల్సింది కానీ, ఉపాయం పారిన సంబరంలో ఆయనకు అదేమీ కనిపించలేదు.

మర్నాడు తెల్లవారకముందే ఫోను మోగింది. పాలు కాచాలి. ఆపేలోగా మళ్లీ మోగింది. బట్టలు నానబెట్టాలి. ఆ తర్వాత పిల్ల జడ, క్యారేజీలు, తోమిన గిన్నెలు సర్దడం, వాటికి వేలు విడిచిన చుట్టాల్లా ఇంకా ఎన్నో. పిల్ల బావి చేంతాడులాంటి జడతో బడికి పోయింది. ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగితే, చెత్తబుట్ట బయట పెట్టొచ్చి తీరిగ్గా కాఫీ తాగుతున్న ఆవిడ, “వంటిల్లు నీలం కదండీ, నేనెలా ముట్టుకుంటాను?” అంది. ఈలోగా పాలు పొంగిపోయాయి.

వారం మధ్యలో ఓసారి, కొత్త సర్వరు ఏదో పొరపాటు చేసినట్టుందని నసిగారు. సర్వరు సంగతి ఎలా ఉన్నా మీకు బాగా గుర్తుందిగా అందావిడ. ఫైనలు ఒక్కటి దక్కితే చాలని పళ్లు బిగించి ఆదివారం దాకా లాక్కొచ్చారు.

ఆదివారం చొక్కా మార్చుకుని గడప దగ్గరకు వచ్చేసరికి, ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. ఎక్కడికని అడిగారు.

“స్టాకు తనిఖీకి. అదీ వర్గం ఒకటే కదా, ఆకుపచ్చలో ఉంది.”

ఉపాయం గారు గడపకు అడ్డంగా నిలబడ్డారు. “గోదాముకి నువ్వెందుకు?”

“గోదాముకి కాదు, ఎదురింటి మేడ మీదకి. వారంవారం మీ చొక్కా చేతులకంటిన క్యారమ్ పౌడరు ఉతికింది ఎవరనుకున్నారు?”

“మరి అటక?” అన్నారు నీరసంగా.

“నా పని, నా ఇష్టం. వాయిదా వేశాను. మీకు మాత్రం ఇప్పుడు నీలంలో ఒకటుంది, చూసుకోండి.”

చూసుకున్నారు. ‘నాన్నగారితో కాలక్షేపం’ అని ఉంది. అప్పుడే తలుపు చప్పుడైంది. వచ్చింది మామగారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం వదిలినా మెళ్లో ఈల వదల్లేదు. ఊరికే కూర్చుంటే ఒళ్లు బరువెక్కుతుందంటూ ఇల్లంతా కలయజూసి, పైకి చూసి ఆగిపోయారు.

“ఆ అటకేమిటి అల్లుడుగారూ, అలా ఉంది?”

తర్వాత నడిచిందంతా ఈల మీదే. ఒక ఈలకు ఎక్కడం, రెండో ఈలకు పెట్టె అందించడం, మూడో ఈలకు తుమ్మడం. అటక కిటికీలోంచి ఎదురింటి మేడ స్పష్టంగా కనిపించింది. ఆవిడ కొట్టిన ఎర్రకాయ గుంటలో పడటమూ, టైలరు నెత్తిన చేతులు పెట్టుకోవడమూ ఆయన బూజుకర్ర పట్టుకుని కళ్లారా చూశారు.

సాయంత్రం ఆవిడ పోటీలో గెలిచిన కప్పు పట్టుకుని వచ్చింది. ఉపాయం గారు అటక మీంచే, రంగులు పాత పద్ధతిలోకి మార్చెయ్యమంటావా అని మెల్లగా అడిగారు.

“ఎందుకండీ? మొదట్నుంచీ ఇంతే కదా,” అని ఆవిడ చీర కొంగు దులిపింది. తెల్లగా పౌడరు రాలింది. “దిగాక ఈ చీర కాస్త నానబెట్టండి. బట్టలు నీలమే.”

కింద మామగారు ఈల ఊదారు.