వేరు గిన్నెల పాఠం

కర్నూలులోని కేశవయ్యగారి సాఫ్ట్‌వేర్ సంస్థ 2009వ సంవత్సరంలో ఆధునికతలోకి ప్రవేశించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. అంతకుముందు ఈ సంస్థ పత్తికొండ టమోటా మార్కెట్టుకు ధరల ప్రోగ్రాము రాసి, ‘ఫైనల్’, ‘అసలు ఫైనల్’, ‘పెద్దాయన చూసిన ఫైనల్’ అనే పేర్లతో పెన్‌డ్రైవుల్లో దాచుకునేది. ఒకసారి వేరే ఫైనల్ మార్కెట్టుకు చేరి, ఎండాకాలపు ధర కార్తీకంలో బోర్డెక్కింది. రైతులు ఆనందించారు, కాసేపు.

అందుకే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్పడానికి కోడుమూరు నుంచి దావీదురాజును పిలిపించారు. నెలాఖరుకు సిబ్బందికి ఈ పని వస్తే ఆయన ఉద్యోగం ఖాయం. రాకపోతే కోడుమూరు బస్సు ఖాయం.

మొదటి పాఠం కమిట్. మార్పు చేసినవారు దాన్ని భద్రపరుస్తూ, ఎందుకు చేశారో ఒక ముక్క రాయాలి. యజమానిగారి అల్లుడు ప్రదీప్‌కుమార్ ప్రతిసారీ ‘మామగారు చెప్పారు’ అని రాశారు. ఇంతకన్నా సమగ్రమైన కారణం సంస్థ చరిత్రలో లేదు.

తరువాతిది రివర్ట్, అంటే చెడిన మార్పును రద్దుచేయడం. “పెట్టిన అడుగు వెనక్కి తీసేదా? శానా అశుభమప్పా!” అని కేశవయ్యగారు దాన్ని నిషేధించారు. ప్రోగ్రాములో ఏ లైను ఎవరు రాశారో చూపించే బ్లేమ్ కమాండును మాత్రం మధ్యాహ్నం వరకు అనుమతించారు. ప్రతి తప్పు పక్కనా అల్లుడిగారి పేరే రావడంతో, కమాండులోనే లోపం ఉందని ఉత్తర్వు వెలువడింది.

నెలాఖరు వచ్చింది. దావీదురాజు సంచి సర్దుకునే వచ్చి, మిగిలిన ఒక్క పాఠం మొదలుపెట్టాడు.

“ఒక్కో ప్రాజెక్టుకు వేరే ఎన్విరాన్‌మెంటు కట్టుకోవాల సార్. దీని సామాను దాంట్లో కలవగూడదు. ఒకటి ఇంకోదాన్ని తాకగూడదు.”

“మడి అని చెప్పరాదేమప్పా!” అన్నారు డైరెక్టరు హోదాలో కూర్చున్న యజమానిగారి భార్య సుందరలక్ష్మి. “ఎవురి గిన్నెలు వాళ్లవే. దీనికింత ఇంగ్లీషెందుకు?”

గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. భోజనాల వేళకు ముందే ప్రతి కంప్యూటర్లోనూ వేరువేరు ఎన్విరాన్‌మెంట్లు ఒక్క తప్పు లేకుండా వెలిశాయి. ప్రదీప్‌కుమార్ కూడా సొంతంగానే చేశారు.

కేశవయ్యగారు లేచి నిలబడ్డారు. “కమిట్ నేర్చేదానికి ఎంత కష్టపడితిమి! ఇది మాత్రం పుట్టుకతోనే వచ్చినట్టుండాది. మన బుర్రలు అట్లాటివి. దావీదురాజు ఉద్యోగం ఖాయం!”

చప్పట్లు మోగాయి. శుభవార్తకు టీ వచ్చింది, స్టీలు గ్లాసుల్లో. దావీదురాజు చేయి చాపబోతుంటే సుందరలక్ష్మిగారు ఆప్యాయంగా, “నీది ఆ కిటికీలో పెట్టించినాను నాయనా. తాగి, కడిగి ఆడనే బోర్లించు” అన్నారు.

కిటికీలో గాజు గ్లాసు ఒక్కటే ఉంది. దాన్ని వేరుచేయడానికి ఎవరూ ఏ కమాండూ కొట్టలేదు.