మామగారికి తగిలిన తూటా

ఆ శనివారం పొద్దున్న లోవరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. కడియంలో మామగారి నర్సరీకి వెళ్లాలి. ఆయన్ని కాసేపు గాయపడిన మనిషిలా పడుకోబెట్టి, సంచిలో సరంజామా అంతా ఒకసారి వాడి చూసుకోవాలి. పదకొండింటికల్లా రాజమండ్రి పెరేడ్ గ్రౌండులో ఇన్‌స్పెక్టరు అబ్రహాము గారి ముందు నిలబడి, ఏ సంచి మంచిదో చెప్పాలి. అంతే.

లోవరాజు కానిస్టేబులు. కొత్తగా పెట్టిన ప్రత్యేక దళంలో వైద్య సహాయం అతని పని. ఆయుధాలున్న దుండగులు ఎక్కడైనా మనుషుల్ని బంధిస్తే తలుపులు పగలగొట్టి లోపలికి దూకేది ఆ దళమే. వాళ్లలో ఎవరికైనా తూటా తగిలితే అంబులెన్సు వచ్చేదాకా ప్రాణం నిలబెట్టాల్సింది లోవరాజు. దళం పెట్టి నెలలు గడుస్తున్నా ఆ అవసరం ఒక్కసారీ రాలేదు. రాకూడదనే అందరూ కోరుకుంటారు. కానీ నేర్చుకున్న విద్య ఊరికే ఉండిపోతుంటే లోవరాజు చేతులు కాస్త దురదగానే ఉండేవి.

ఎంచుకోవాల్సినవి రెండు. ఒకటి బెల్టుకి తగిలించుకునే చిన్న తిత్తి. అందులో రక్తం ఆపే పట్టీ, గాయంలో కుక్కే గుడ్డ, కత్తెర, చేతి తొడుగులు ఉంటాయి. రెండోది వీపున వేసుకునే పెద్ద సంచి. దానికి ముప్పై అరలు, ప్రతి అరకీ జిప్పు, ప్రతి జిప్పుకీ ఓ రంగు తోక. కాలిన గాయానికి పూతమందు, విరిగిన ఎముకకి బద్దలు, కంట్లో నలక చూసే బుల్లి దీపంతో సహా అన్నీ ఉన్నాయి. మొదటి చూపులోనే లోవరాజు మనసు దాని మీద పడిపోయింది. చిన్న తిత్తిని స్టేషన్లోనే వదిలేసి దీన్నే ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ సంచిని అతను తిప్పి తిప్పి చూస్తుంటే భార్య హారతి, "పెళ్లిచూపుల్లో నన్ను కూడా ఇంత పరీక్షగా చూడలేదు మీరు" అంది. గాయపడే మనిషి ఎక్కడ దొరుకుతాడా అని అతను తల పట్టుకుంటే, "మా నాన్న ఉన్నారుగా. వేషం అని చెప్పండి చాలు" అని దారి చూపించింది కూడా ఆవిడే.

హారతి నాన్నగారు చంద్రరావు కుర్రతనం నుంచీ నాటకాలాడుతున్నారు. పొడుగైన మనిషి, గొంతు పెద్దది. అందుకని ఎప్పుడూ రాజు వేషమే కట్టించారు. యుద్ధంలో నేలకొరిగే భాగ్యం ఆయనకి ఒక్క నాటకంలోనూ దక్కలేదు.

"ఆయ్, ఎక్కడ తగలాలండి తూటా?" అని ఆయన అల్లుడు బండి దిగీ దిగకముందే అడిగారు.

"ఎడమ తొడలోనండి, మావయ్యగారూ. రక్తం బాగా పోతున్నట్టు ఉండాలి."

రక్తం సంగతి అత్తగారు రత్నమాణిక్యం చూసుకున్నారు. పంచదార పాకం పట్టి, అందులో మిఠాయి రంగు కలిపి, చెంబుడు తెచ్చారు. "పాకం కాస్త ముదిరిందండి అల్లుడుగారూ, ఏమనుకోకండి" అన్నారు. లోవరాజు వేలు ముంచి చూశాడు. శిక్షణలో వాడిన రక్తం కంటే ఇదే నిజంగా ఉంది.

లోవరాజు దళం దుస్తులు పూర్తిగా వేసుకున్నాడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, హెల్మెట్టు, కళ్లు మాత్రమే కనిపించే ముసుగు. క్రోటన్ కుండీల వరసల మధ్య చంద్రరావు వెల్లకిలా పడుకున్నారు. పాకం తొడ మీద పోశారు. లోవరాజు పట్టీని తొడ పైభాగాన చుట్టి, దానికున్న చిన్న కర్రని మెలితిప్పడం మొదలుపెట్టాడు. కర్ర తిరిగినకొద్దీ పట్టీ బిగుసుకుంటుంది.

"ఓరీ ద్రోహీ, నన్ను చంపగలవు గానీ నా నేలని గెలవలేవు" అన్నారు చంద్రరావు.

"తూటా తగిలినవాడు అంతసేపు మాట్లాడడండి, మావయ్యగారూ."

"రాజు మాట్లాడకుండా ఎలా పోతాడండి?"

"మీరు పోరు. నేను బతికిస్తాను కదా."

ఆ మాటతో ఆయన కాస్త చిన్నబోయారు. అయినా పట్టీ బిగించడం ఎలాగో, ఎందుకో అడిగి అడిగి చెప్పించుకున్నారు. గాయానికి పైన కట్టాలి, నెత్తురు ఆగేదాకా తిప్పాలి, నొప్పికి అరిచినా ఆపకూడదు, కట్టిన టైము పైకి చెప్పాలి. తనకి బాగా వచ్చేదాకా తన తొడకి తనే మళ్లీ మళ్లీ కట్టి చూసుకున్నారు. ఆ తర్వాత లోవరాజు పట్టీ వదులు చేసి, గాయంలో కుక్కే గుడ్డ కోసం పెద్ద సంచి తెరిచాడు. ఎర్ర తోక జిప్పులో బద్దలున్నాయి. పసుపు తోక జిప్పులో దీపం ఉంది. గుడ్డ ఏ రంగులో ఉందో అతనికి గుర్తు రాలేదు.

ఈలోగా పాకం వాసన ఎర్రచీమలకి తెలిసింది.

చంద్రరావు పెట్టిన కేక నాటకంలోది కాదు. నీళ్ల పైపు పట్టుకుని అటు వస్తున్న పనిమనిషి మరిడమ్మ అక్కడే ఆగిపోయింది. కొమ్మల సందులోంచి ఆమెకి కనిపించింది ఇదీ: ముసుగు వేసుకున్న నల్లబట్టల మనిషి, కింద నెత్తుటి మడుగులో యజమాని, ఆయన తొడకి ఉరితాడులాంటిదేదో. "తియ్యండి, తియ్యండి, చచ్చిపోతున్నాను" అంటున్నారు యజమాని. పైపు అక్కడే వదిలేసి మరిడమ్మ రోడ్డెక్కింది.

రోడ్డు మీద లారీకి మొక్కలెక్కిస్తున్న కూలీలతో ఆమె తను చూసిందే చెప్పాననుకుంది. ఒకడు బాబుగారిని పొడిచి, తాడేసి బిగిస్తున్నాడంది. ఆ మాట టీకొట్టు దాకా వెళ్లేసరికి ఒకడు ఇద్దరయ్యాడు. టీకొట్టు నుంచి లారీ డ్రైవరు పోలీసులకి ఫోను చేసేసరికి నలుగురయ్యారు, వాళ్ల చేతుల్లోకి తుపాకులు వచ్చాయి.

"నర్సరీ ఓనరుని పట్టేసుకున్నారండి. తొడలో కాల్చేశారు. నెత్తురు కాలవ కట్టేసిందండి" అన్నాడు డ్రైవరు. కాలవ మాట అతను సొంతంగా కలిపింది.

ఇవేమీ తెలియని లోవరాజు మామగారికి పైపుతో నీళ్లు కొట్టి చీమల్ని వదిలిస్తున్నాడు. అప్పుడే ఫోను మోగింది. అబ్రహాము గారు.

"లోవరాజూ, ఎక్కడున్నావు? సంచి చూడ్డం తర్వాత. అసలు పనే వచ్చింది. ఆయుధాలతో నలుగురు, ఒక బందీ. తొడకి తూటా తగిలిందట, రక్తం బాగా పోతోందట. కడియం రావాలి."

లోవరాజు సంచి వైపు చూశాడు. "నేను కడియంలోనే ఉన్నానండి సార్. సంచి కూడా నా దగ్గరే ఉంది."

"దేవుడి దయ. నర్సరీల రోడ్డు మొదట్లో నిలబడు. వ్యానులో వస్తున్నాం."

ఇన్నాళ్లూ ఎదురుచూసిన రోజు ఇదేనని లోవరాజుకి అర్థమైంది. సంచి భుజాన వేసుకుంటూ, "మావయ్యగారూ, దగ్గరలో తుపాకులతో ఎవరో తిరుగుతున్నారట. గేటుకి తాళం వేసుకుని లోపలే ఉండండి. ఎవరు పిలిచినా తీయకండి" అని చెప్పి బండెక్కి వెనక సందులోంచి వెళ్లిపోయాడు. వదులు చేసిన పట్టీ మామగారి తొడనే ఉండిపోయిన సంగతి అతనికి తట్టలేదు.

చంద్రరావు గేటుకి తాళం వేశారు. భార్యని మొక్కల షెడ్డులోకి పంపారు. తర్వాత ట్రంకుపెట్టె తెరిచి నాటకం కత్తి తీశారు. అది రేకు కత్తే గానీ ఎండలో బాగా మెరుస్తుంది. గోడ మీదుగా ఆ మెరుపు చూసిన జనం నాలుగడుగులు వెనక్కి తగ్గారు. లోపల ఉన్నవాళ్లు మామూలు దొంగలు కారని అందరూ నమ్మేశారు.

వ్యాను వచ్చింది. లోవరాజు దూకి ఎక్కాడు. అబ్రహాము గారు, "నువ్వు నా వెనకే ఉండు. ముందు బందీ ప్రాణం" అన్నారు. లోవరాజు తల ఊపాడు. హెల్మెట్టు బిగించుకున్నాడు. వ్యాను మలుపు తిరిగి, జనాన్ని దాటుకుని ఆగింది. ఎదురుగా గేటు మీద రత్నమాణిక్యం నర్సరీ అని అత్తగారి పేరు.

లోవరాజు ఆ పేరు రెండుసార్లు చదివాడు. తను ఇటు బయలుదేరగానే వాళ్లు అటు దూరారన్నమాట. "సార్, ఇది మా మావయ్యగారిదండి" అన్నాడు. "పొద్దున్నే ఆయన్ని ఎడమ తొడలో తూటా తగిలినట్టు పడుకోబెట్టానండి. ఇప్పుడు నిజంగానే తొడలో తగిలిందట. నా నోటి మాటే నిజమైందండి సార్."

"ధైర్యంగా ఉండవయ్యా" అని అబ్రహాము గారు అతని భుజం తట్టారు. అలాంటి సమయంలో ఆలోచించడానికి ఇద్దరికీ తీరిక లేదు.

దళం గోడ దూకింది. కుండీల వరసల మధ్య దారి ఒక మనిషికి సరిపోతుంది గానీ, వీపున ముప్పై అరలున్న మనిషికి సరిపోదు. పది అడుగులు వేయగానే సంచి కాగితపు పూల ముళ్లకి తగులుకుంది. లోవరాజు లాగాడు. ఇంకో రెండు కొమ్మలు పట్టుకున్నాయి. ముందున్న అబ్రహాము గారు షెడ్డు వెనక రేకుని పక్కకి లాగి లోపలికి చొరబడబోయారు.

"ఎవడురా అక్కడ? ఒక్క అడుగు ముందుకు వేస్తే శిరస్సు నేల రాలుతుంది" అని లోపలి నుంచి పెద్ద గొంతు వినిపించింది. దానితో పాటు కత్తి మొన బయటికి వచ్చింది.

అబ్రహాము గారు అదిరిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నారు. తెగిన రేకు అంచు మోచేతి కింద నుంచి మణికట్టు దాకా చీరేసింది. ఈసారి వచ్చింది పాకం కాదు. నెత్తురు చివ్వున చిమ్మింది. ఆయన గోడకి జారగిలబడి, "లోవరాజూ" అని పిలిచారు.

"వస్తున్నానండి సార్" అని లోవరాజు ముళ్ల పొదలోంచి జవాబిచ్చాడు. రాలేక, ఉన్నచోటే సంచి దింపి జిప్పులు తీయడం మొదలుపెట్టాడు. పూతమందు వచ్చింది. బద్దలు వచ్చాయి. దీపం మళ్లీ వచ్చింది. పట్టీ ఉండాల్సిన అర ఖాళీగా ఉంది.

లోవరాజు పేరు వినగానే చంద్రరావు కత్తి పారేసి బయటికి వచ్చారు. ఎర్రగా తడిసిన పంచె, తొడకి పట్టీ. "అల్లుడుగారి సారు గారా అండి?" అన్నారు. ఆ చేతిని చూసిన తర్వాత ఇంకేమీ అడగలేదు. తొడకున్న పట్టీ ఊడదీసి, అబ్రహాము గారి మోచేతికి పైన చుట్టి, కర్ర తిప్పసాగారు. రత్నమాణిక్యం పరుగున వచ్చి తుండుగుడ్డ మడిచి గాయం మీద అదిమి పట్టారు.

"అబ్బా, చాలండి, నొప్పి" అన్నారు అబ్రహాము గారు.

"అరవండి సార్, పర్వాలేదు. మా అల్లుడుగారు నాకూ అలాగే చెప్పారు. నెత్తురు ఆగేదాకా ఆపకూడదండి." ఆయన ఇంకో చుట్టు తిప్పారు. నెత్తురు ఆగింది. "టైము పది నలభై" అని నాటకం గొంతుతో ఊరంతటికీ వినిపించేలా ప్రకటించారు.

చొక్కా చిరిగిపోయి, చేతిలో దీపంతో లోవరాజు వచ్చేసరికి చెయ్యాల్సిన పనేమీ మిగల్లేదు. పట్టీ సరిగా ఉందో లేదో చూశాడు. తను కట్టినదానికంటే బాగుంది. దళం వాళ్లు మూలమూలలా వెతికి, లోపల దుండగులెవరూ లేరని చెప్పారు. తాళం తీసిన గేటులోంచి జనం తోసుకొచ్చారు. ముందుగా వచ్చిన మరిడమ్మ ఒక్కసారి చూసి, "వీడేనండి బాబూ, ఆ నల్లబట్టలోడు" అని లోవరాజుని వేలు పెట్టి చూపించింది.

లోవరాజు ముసుగు తీశాడు. పాకం, చీమలు, ఫోను, తాళం అన్నీ వరసగా బయటపడ్డాయి. ఉద్యోగం ఊడినట్టే అనుకున్నాడు.

అంతకుముందే ఎవరో పిలిచిన 108 రానే వచ్చింది. స్ట్రెచర్ మీద పడుకున్న అబ్రహాము గారు లోవరాజుని దగ్గరకి రమ్మన్నారు.

"నా చెయ్యి తెగినప్పుడు ఈ పట్టీ ఆ పెద్ద సంచిలో ఉందా?"

"లేదండి సార్. మావయ్యగారి తొడమీదుంది."

"అదీ సంగతి. నువ్వు ముళ్లలో చిక్కుకుంటే పక్కవాడికి అందాలి కదా. అందరికీ ఒంటిమీదే, అందరికీ ఒకే చోట. చిన్న తిత్తే ఖాయం. కట్టడం కూడా దళమంతా నేర్చుకోవాలి. ఆ ముప్పై అరల మేడని వ్యానులో ఉండనీ." ఆయన కళ్లు మూసుకుని మళ్లీ తెరిచారు. "తక్కిన సంగతి కుట్లు పడ్డాక మాట్లాడదాం."

సాయంత్రం టీవీలో, నర్సరీలో బందీగా ఉన్న యజమాని సాహసించి పోలీసుల ప్రాణాలు కాపాడారని వార్త వచ్చింది. అబ్రహాము గారు ఆసుపత్రి మంచం మీద నుంచి దాన్ని రెండుసార్లు చూసి, ఖండించడానికి అందులో తప్పేమీ కనపడక ఊరుకున్నారు.