ఉత్తరోష్ఠ విమోచనం అనబడు మీసాల యుద్ధము

సకల కార్యాలయములందును గుమాస్తాలు మొదటి టీ ముగించి రెండవ టీ కొరకు చకోర పక్షులవలె ఎదురుచూచు ఆ పుణ్య ఘడియలో, తిరుగుదునా మానుదునా యను సంశయముతో పంకా తిరుగుచుండగా, కాగితపు కొండల నడుమ, నాలుగవ కాలి కింద మడిచిన అట్టముక్క ఆధారముగా గల కుర్చీ నధిష్ఠించి, విశ్వవిద్యాలయ దివ్యాంగ విద్యార్థి సహాయ విభాగ సార్వభౌముడు, దరఖాస్తు ధురంధరుడు, నకలు ప్రతి విశారదుడు నగు మహావీరుడొకడు కొలువుతీరి యుండెను. ఆ విభాగమున సేనాపతి యతడే, సైన్యమతడే, సాయంత్రము తలుపునకు తాళము వేయువాడు నతడే. ఇంతకూ ఆ వీరుడెవరో కాదు, ఈ గాథ పాడుచున్న నేనే. నన్ను పొగుడుటకు వందిమాగధుల పోస్టు మంజూరు కాకపోవుటచే ఆ భారము కూడా నా మీదనే పడినది.

మూడు వారముల క్రితము ఈ వీరుడొక ఘనకార్యము చేసి యుండెను. మెకానికల్ మూడవ సంవత్సరము చదువుచున్న ఒక అమ్మాయికి పంపుల కర్మాగారమున ఇంటర్న్‌షిప్ ఇప్పించెను. ఆమెకు పుట్టుకతో వినికిడి లేదు. ఎదుటివారి పెదవులు చూచి మాట పట్టుకొనును, తిరిగి చక్కగా మాటాడును. కర్మాగారమునకు పంపు లేఖలో నాలుగవ గడి యొకటి కలదు: ‘విద్యార్థికి చేయవలసిన ఏర్పాట్లు’. ఆ గడి నింపుచుండగా అమ్మాయి పక్క గదిలో, సరిగ్గా పది అడుగుల దూరమున కూర్చొని యున్నది. పోయి అడుగవచ్చును గదా? అడుగుట అల్పుల లక్షణము, ఊహించుట సర్వజ్ఞుల లక్షణము! సర్వజ్ఞశిఖామణి యగు మన వీరుడు కలము ఝళిపించి, ‘ఈమెతో గట్టిగా మాట్లాడవలెను’ అని రాసి, ముద్ర గుద్ది, రెండవ టీకి పోయెను.

ఆ లేఖ పోయి పోయి మీసాల మేస్త్రి చేత పడినది. ఆయన లేత్ మిషన్ల షెడ్డుకు అధిపతి, ఇనుమును వెన్నవలె కోయు మొనగాడు. ఆయన మీసమో! అది ముక్కు కింద మొదలై, పై పెదవిని మింగి, కింది పెదవిపై దండెత్తి, చెంపలకు ఇరువైపులా సామంత రాజ్యములు స్థాపించిన మహా సామ్రాజ్యము. టీ తాగునప్పుడు మొదటి గుక్క దానికే చెల్లును. కాగితములో ఉన్నది కనుక, మేస్త్రి నిజాయితీపరుడు కనుక, తొలి దినము మొదలు ఆ అమ్మాయి ముందు నిలిచి గొంతు చించుకొని గర్జించెను. ఆ గర్జనలు పక్క షెడ్డు వారికి వినబడెను, గేటు కాపలాదారునకు వినబడెను. వినవలసిన ఒక్కతెకు మాత్రము గాలికి ఊగు మీసము తప్ప మరేమియు కనబడలేదు.

మూడు వారములు నిండిన సోమవారమున అమ్మాయి నా గదికి వచ్చి బల్లపై ఒక కాగితము పెట్టెను. మేస్త్రి రాసిన సగం కాలపు నివేదిక. అందు ఒకే వాక్యము: ‘చెప్పింది చెయ్యదు.’

“శుక్రవారం రివ్యూలో కూడా ఇదే రాస్తే ఇంటర్న్‌షిప్ రద్దంట సార్. ఏడాది పోతుంది. మా నాన్న మళ్ళీ మొదలుపెడతాడు, నీకెందుకమ్మా ఈ మిషన్లు, ఇంట్లో కూర్చుని చేసే పనేదైనా చూసుకో అని.”

“అసలు ఆయన ఏం చెబుతున్నాడమ్మా?”

“అదే తెలీదు సార్. అరుస్తారు. మీసం ఊగుతుంది. పెదవి కనబడదు.”

“ఎంత అన్యాయం! అరవమని ఎవడు చెప్పాడు ఆయనకి?”

“మీరే రాశారంట కదా సార్.”

పంకా కూడా ఆగిపోయినట్లు తోచెను.

“నన్నడిగి ఉంటే చెప్పేదాన్ని సార్. పక్క గదిలోనే ఉన్నాను కదా.”

నాకు సిగ్గేసింది. గ్రాంథికంలో చెప్పినా, వాడుకలో చెప్పినా సిగ్గు సిగ్గే. అమ్మాయి కోపంగా కూడా అనలేదు, అందుకే ఇంకా ఎక్కువ వేసింది.

మరునాడు మన వీరుడు నియమావళి యను కవచము చంకన బెట్టి, అమ్మాయి ముందు నడువగా, కదనరంగము చేరెను. దారి పొడుగునా బస్సులో ఒక మహోపన్యాసము కంఠస్థము చేసి యుండెను. షెడ్డులో పదహారు లేత్ మిషన్లు ఏకకాలమున హుంకరించుచుండెను. వీరుడు మేస్త్రి యెదుట నిలిచి హస్తమెత్తి ఇట్లనెను:

“ఓ లోహవిదారణ పండితా! ఓ పంపు ప్రపంచ ప్రభాకరా! విద్యార్థినీ విద్యాభివృద్ధికై నీ వదన ప్రాంగణమున విస్తరించిన యీ రోమారణ్యమును...”

“ఆఁ? ఏంటండీ?”

“రోమారణ్యమును...”

“వినబడట్లేదండీ! గట్టిగా మాట్లాడండి!”

చేసుకున్నవాడికి చేసుకున్నంత అని పెద్దలు ఊరకే అనలేదు. వీరుడు అలంకారములన్నియు వదలి, ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా గొంతులోకి తెచ్చుకొని కేక వేయబోవునంతలో టీ విరామపు సైరను మోగెను. పదహారు మిషన్లు ఒక్కసారిగా ఆగెను. ఆ నిశ్శబ్దములో నా కేక షెడ్డు నాలుగు మూలలా మారుమోగెను:

“మీ మీసం కత్తిరించుకోవాలండీ!”

నలభై తలలు తిరిగెను. మేస్త్రి చేయి మెల్లగా మీసము మీదికి పోయెను.

“ఇరవై ఏడేళ్ళ మీసమండీ ఇది. మేనేజరు ముందు కూడా మెలేశాను. కత్తిరించమని ఏ రూల్లో ఉందో చూపించండి చూద్దాం!”

వీరుడు నియమావళి తెరచెను. ర్యాంపులు ఉన్నవి, లిఫ్టులు ఉన్నవి, కుర్చీల ఎత్తు కూడా ఉన్నది. మీసము లేదు. వెనుకనుండి ముందుకు మరొకసారి తిప్పెను. అప్పుడును లేదు. కవచము మూసి చంకన బెట్టుకొని, వెనుదిరిగి అడుగు వేసి, బోల్టుల డబ్బాకు ఎడమకాలి బొటనవేలు తన్నుకొనెను.

అప్పుడు అమ్మాయి ముందుకు వచ్చింది.

“సార్, మీరెంత అరిచినా నాకు వినబడదు. పెదవి చూస్తేనే తెలుస్తుంది. మూడు వారాల్నుంచి మీరు చెప్పిందాంట్లో ఒక్క ముక్క నాకు చేరలేదు. పని నేర్చుకోవాలని ఉంది సార్.”

“మరి మొదటి రోజే చెప్పొచ్చుగా!” అనెను మేస్త్రి. అమ్మాయి నా వైపు చూసెను. నేను ఆమెకు ఎదురుగా నిలిచి అదే మాట తిరిగి పలికితిని.

“చెప్పాను సార్. మీరు ఇంకా గట్టిగా అరిచారు.”

“కాగితంలో అలానే ఉందిగా!”

“ఆ కాగితం రాసింది నేనండీ. తప్పు నాది. ఈ అమ్మాయిని అడక్కుండా రాశాను,” అంటిని. అక్కడికక్కడే ఆ లేఖ నకలు తీసి కలముతో నాలుగవ గడిని కొట్టివేసితిని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను కొట్టేసిన మొదటి గడి అది.

మేస్త్రి ఆ కొట్టివేసిన గీతను వేలితో తడిమెను.

“మూడు వారాలు ఉత్తినే తిట్టానన్నమాట పిల్లని,” అని గొణిగి, జేబులోంచి ఫోను తీసెను. “ఉండండి, ఇంట్లో ఒక మాట అడగాలి.”

ఆయన సంగతి చెప్పగానే ఫోనులోంచి ఇల్లాలి కంఠము షెడ్డంతా వినబడెను: “పెళ్ళైన దగ్గర్నుంచి మొత్తుకుంటున్నానయ్యా నేను! ఆ అమ్మాయి ఎవరో గానీ చల్లగా ఉండాలి. మళ్ళీ మనసు మారకముందే కానివ్వండి!”

అయినను ఆ షెడ్డులో ఒక శాసనమున్నది: కొలత లేనిదే కోత లేదు. మేస్త్రి వెర్నియర్ కొలబద్ద అమ్మాయి చేతిలో పెట్టి మీసము చూపెను. ఆమె కొలిచి, “పన్నెండు మిల్లీమీటర్లు తియ్యాలి సార్,” అనెను. మేస్త్రి రెండు చేతులెత్తి ఆరు వేళ్ళు చూపెను. బేరము ఆరు దగ్గర తెగెను. ప్రథమ చికిత్స పెట్టెలోంచి చిన్న కత్తెర వచ్చెను. ఈ మహాసంగ్రామమున అద్దము పట్టుకొను వీరోచిత కార్యము నాకు దక్కెను. అద్దము వంకరగా పట్టినందుకు రెండుసార్లు చీవాట్లు కూడా దక్కెను.

కత్తెర ఆడెను. సామ్రాజ్యము రాలెను. ఇరువది యేడేండ్లుగా ఎండ యెరుగని పై పెదవి, లోకము చూడ సిగ్గుపడుచు, తెల్లగా బయటపడెను. మేస్త్రి అమ్మాయి ముఖము ఎదుట నిలిచి, అరవకుండా, మామూలు గొంతుతో పలికెను:

“వెర్నియర్ పట్టుకునే పద్ధతేనా అది? అంత వంకరగా పెడితే కొలత తప్పు రాదూ? కాలేజీలో ఏం నేర్పారు మీకు? మళ్ళీ కొలువు.”

ఆమె చూసింది. చివరి మాట దాకా చూసింది. కళ్ళు నిండిపోయాయి, ముఖమంతా నవ్వు.

“వంకరగా పెట్టాను సార్. మళ్ళీ కొలుస్తాను.”

ఈసారి కొలబద్ద నిటారుగా పెట్టి చూసి, కనుబొమలు ముడిచెను.

“అయిదున్నరే తీశారు సార్. ఇంకో అర మిల్లీమీటరు బాకీ.”

మేస్త్రి నా వైపు చూసెను, కొలబద్ద వైపు చూసెను, కత్తెర మళ్ళీ అందుకొనెను.

కావున ఓ లోకులారా, చాటుచున్నాను: షట్ మిల్లీమీటర్ పరిమితమగు కేశరాశి నేలకూలెను, ఉత్తరోష్ఠము విముక్తమాయెను, మన పక్షమున ఒక బోల్టుల డబ్బా, నా ఎడమకాలి బొటనవేలు తప్ప మరే నష్టమును వాటిల్లలేదు. ఇక శుక్రవారమున మేస్త్రి నివేదికపై తన చేతితో రాసిన తీర్పు ఇది:

‘చెప్పింది చేస్తుంది. నేను తప్పు చేస్తే నాకూ చెబుతుంది. వచ్చే ఏడాది కూడా పంపండి.’